మౌనం అర్ధాంగీకారమా?

జనవరి 30వ తేదీ ఉదయం 11 గంటలకు దేశ రాజధాని రెండు నిమిషాలపాటు మౌనం పాటిస్తుంది. రాజ్‌ఘాట్‌లో పెద్దలు పుష్పాంజలి ఘటించి తలలు వంచుతారు. ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాలు కుర్చీలు వెనక్కు జరిపి లేచి నిలబడతారు. ఆ రెండు నిమిషాలు గడవగానే దస్త్రాలు ఎప్పటివలె కదలసాగుతాయి. ఢిల్లీ కొలువులో ఆ మౌనాన్ని నేను ఎన్నోసార్లు చూశాను. ఒక ఏడాది మాత్రం ఆ తేదీన నేను రాజధానిలో లేను. దక్షిణ అండమాన్‌లోని హంఫ్రీగంజ్ అనే పల్లెలో ఉన్నాను. అక్కడ కూడా జనం తలలు వంచి నిలబడ్డారు. కాని వారు స్మరిస్తున్నది గాంధీజీ హత్యకు సరిగ్గా నాలుగేళ్ల ముందటి మరొక జనవరి 30వ తేదీని.

ఆ కథ మన పాఠ్యపుస్తకాలలో సాధారణంగా కనిపించదు. 1942 మార్చిలో జపాను సేనలు అండమాన్ దీవులను ఆక్రమించాయి. తెల్లదొరల పీడ విరగడైందనుకున్న ద్వీపవాసుల సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. 1943 డిసెంబరు 30న నేతాజీ సుభాష్ చంద్రబోస్ పోర్ట్ బ్లెయిర్‌లో త్రివర్ణ పతాకాన్ని ఎగురవేశారు. ఆ సమయానికే గూఢచారులన్న నెపంతో నిర్బంధితులైన భారతీయులు సెల్యులార్ జైలులో చిత్రహింసలు అనుభవిస్తున్నారు. కవిగా, వైద్యుడుగా ద్వీపవాసుల ఆదరణ పొందిన డాక్టర్ దివాన్ సింగ్ వారిలో ఒకరు. ఆ హింసల ఫలితంగానే 1944 జనవరి 14న ఆయన ప్రాణాలు విడిచారు. మరి 16 రోజులకు, అదే అభియోగంపై 44 మందిని హంఫ్రీగంజ్‌కు తరలించి కాల్చి చంపి గోతులలో పూడ్చిపెట్టారు. వారిలో ఎక్కువమంది నేతాజీ నాయకత్వం వహించిన భారత స్వాతంత్ర్య లీగు స్థానిక శాఖకు చెందినవారే కావడం చరిత్రలోని విషాదాలలో ఒకటి.

హంఫ్రీగంజ్‌లో నేను చూసిన సభలో హంగు ఆర్భాటాలు లేవు. పూలు తెచ్చినవారు పూలు ఉంచారు, ప్రార్థించదలచినవారు తమ తమ పద్ధతులలో ప్రార్థించారు. పంజాబీ, బెంగాలీ, తమిళం, తెలుగు నా చెవిని సోకాయి. ఒకరి మీద కక్షగాని, ఒక దేశం మీద ద్వేషంగాని ఆ మాటలలో నాకు వినిపించలేదు. చనిపోయినవారి పేర్లు మరచిపోకూడదన్న పట్టుదల మాత్రం కనిపించింది. శాంతి పేరిట ఢిల్లీలో అంతర్జాతీయ సదస్సులు ఎన్నింటికో హాజరైన నాకు, తీర్మానం ఏదీ చేయకుండానే ముగిసిన ఈ చిన్న సభ ఎక్కువకాలం గుర్తుండిపోయింది.

అండమాన్ దీవులను శాంతికి ఆలవాలమని వర్ణించడం పర్యాటకశాఖవారికి పరిపాటి. ఆ శాంతి సముద్రంతోపాటు ప్రకృతి ప్రసాదించినది కాదు. 1858 మార్చిలో బ్రిటిషు ప్రభుత్వం 200 మంది ఖైదీలతో ఇక్కడ శిక్షా స్థావరాన్ని నెలకొల్పింది. శిక్ష ముగిసినా స్వదేశానికి తిరిగి వెళ్లలేని ఖైదీలు కులమతాల పట్టింపులు వదలి పెండ్లాడి కాపురాలు పెట్టారు. వారి సంతతినే ఇక్కడ 'లోకల్ బార్న్' అంటారు. 1921 తిరుగుబాటు అనంతరం మలబారు నుంచి మాప్పిళ్లలు వచ్చారు. బర్మా నుంచి కరెన్‌లు, అడవి పనులకు రాంచీ ప్రాంతపు ఆదివాసులు, 1949 నుంచి తూర్పు బెంగాలు శరణార్థులు వచ్చారు. మన శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి జాలరులు, కూలీలు, చిన్న వ్యాపారులు ఓడలెక్కారు. 2011 జనాభా లెక్కల ప్రకారం 3 లక్షల 80 వేల మందిలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. నేరస్థులని, నిర్వాసితులని, నిరుపేదలని తక్కిన దేశం వదిలించుకున్నవారు ఒకచోట చేరి ఇరుగుపొరుగుగా జీవించడం నేర్చుకున్నారు. అది వారు స్వయంగా కట్టుకున్న గోడ. అందులోని ప్రతి ఇటుక మీదా ఎవరిదో చేతిముద్ర ఉంటుంది.

పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువారు అధికంగా నివసించే జంగ్లీఘాట్‌లో ఒక సాయంకాలం వలలు బాగుచేసుకుంటున్న వృద్ధుడొకరు కనిపించారు. నా మాట వినగానే ఆయన ముఖం వికసించింది.

"ఏ ఊరు బాబూ మీది?" అని అడిగారు. చెప్పాను. ఆయన తండ్రి కళింగపట్నం దగ్గరి నుంచి వచ్చారట. ఆయన పుట్టింది మాత్రం ఇక్కడే.

"ఇన్ని భాషలవాళ్లు, ఇన్ని మతాలవాళ్లు ఉన్నారు గదా, గొడవలు రావా పెద్దాయనా?" అని అడిగాను.

ఆయన వల మీది నుంచి చూపు తిప్పకుండానే, "రాకేటి బాబూ, వస్తాయి. అయితే దీవిలో దెబ్బలాడుకుంటే పారిపోడానికి దారేటుంది? రేపొద్దున్న మళ్లీ ఆడి మొగమే సూడాల. ఓడ రాకపోతే ఉల్లిపాయ ఎవురికీ లేదు, వొస్తే అందరికీ ఉంది" అన్నారు.

జాతీయ సమైక్యత గురించి ఇంతకంటె సూటి అయిన వ్యాఖ్య నేను పార్లమెంటులో వినలేదు. రేపు మళ్లీ ఎదురుపడవలసినవారు ఈ రోజు మాటను అదుపులో పెట్టుకుంటారు. తగవు తీర్చడానికి పెద్దలు కూర్చుంటారు, పండుగకు పొరుగు మతంవారిని పిలుస్తారు, చావుకు పిలవకుండానే వెళతారు. శాంతి ఉద్యమం అన్న పేరు దానికి ఎవరూ పెట్టలేదు గాని, దాని పని అదే చేస్తున్నది.

ఈ దీవులలో నిరసన కూడా శాంతియుతంగానే సాగిన సంప్రదాయం ఒకటి ఉన్నది. 1906లో నిర్మాణం పూర్తయిన సెల్యులార్ జైలులో ప్రతి ఖైదీకీ విడిగా ఒక గది. ఒకరి ముఖం ఒకరికి కనిపించకుండా కట్టిన కట్టడమది. మనుషులను కలవనీయకపోవడమే అక్కడ శిక్ష. ఆ గదులలో ఉన్న విప్లవకారులు, వెలుపల ఉన్నప్పుడు బాంబులను, తుపాకులను నమ్ముకున్నవారు, లోపల ఆకలిని ఆయుధంగా చేసుకున్నారు. 1933 మే నెలలో నిరాహారదీక్ష చేస్తుండగా మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మొయిత్రా మరణించారు. బలవంతంగా పాలు పట్టించబోవడమే వారి ప్రాణాలు తీసింది. 1937 జులైలో మళ్లీ దీక్ష మొదలయింది. ఈసారి దేశమంతటా సభలు జరిగాయి. గాంధీజీ, రవీంద్రనాథ్ ఠాగూర్ జోక్యం చేసుకున్నారు. దీక్ష విరమించిన ఖైదీలను విడతలు విడతలుగా ప్రధాన భూభాగానికి తరలించారు. 1938 జనవరి నాటికి ఆ జైలులో రాజకీయ ఖైదీలు లేకుండాపోయారు. సామ్రాజ్యం తుపాకులకు లొంగని చోట ఖాళీ కంచాలకు లొంగిందన్నమాట.

ఆ గదులలో మనవారూ ఉన్నారు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి వారిలో ఒకరు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు, గాం గంటందొర సోదరుడు గాం మల్లుదొర అండమాన్‌లో ద్వీపాంతరవాస శిక్ష అనుభవించినవాడే. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలలో విశాఖపట్నం ప్రజలు ఆ మల్లుదొరను ఇండిపెండెంటుగా లోక్‌సభకు పంపారు. ఆ 1952 నాటి లోక్‌సభలోనే అండమాన్ నికోబార్ దీవుల పక్షాన రాష్ట్రపతి నామినేట్ చేసిన సభ్యుడు కార్ నికోబార్‌కు చెందిన జాన్ రిచర్డ్‌సన్. జపాను ఆక్రమణ కాలంలో ఆయనా చిత్రహింసలకు గురయ్యారు, కుమారుణ్ణి పోగొట్టుకున్నారు. తరువాత తన జాతివారిని ఒక్కతాటిపై నిలిపిన క్రైస్తవ మతాచార్యుడాయన. దీవికి ఖైదీగా వెళ్లిన కొండదొర ఒకరు, దీవి నుంచి ప్రతినిధిగా వచ్చిన నికోబారీ మరొకరు ఒకే సభలో ఆసీనులు కావడం మన రిపబ్లిక్ తొలినాళ్లలోని అరుదైన దృశ్యం. ఆదివాసి మాట వినడానికి ఢిల్లీలో చోటున్నదని ఆ దృశ్యం చెప్పింది. ఆ చోటు ఇప్పటికీ ఉన్నదా అన్నదే ఈ వారం నా ప్రశ్న.

దీవులకు సొంత శాసనసభ లేదు. లెఫ్టినెంట్ గవర్నర్ ద్వారా కేంద్రమే పాలిస్తుంది. 1967 వరకు లోక్‌సభ సభ్యుణ్ణి కూడా రాష్ట్రపతే నామినేట్ చేసేవారు. ఆ తరువాత ప్రజలు ఎన్నుకుంటున్నారు గాని, దీవులన్నింటికీ కలిపి సభ్యుడు ఒక్కరే. స్థానిక సంస్థలు లేకపోలేదు. 2022లో పోర్ట్ బ్లెయిర్ పురపాలక సంఘానికి జరిగిన ఎన్నికలలో తెలుగుదేశం పార్టీ రెండు స్థానాలు గెలిచి, మరుసటి ఏడాది అధ్యక్ష పదవిని కూడా పొందడం మన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అయితే వీధిదీపాల వరకే పురపాలక సంఘం మాట చెల్లుతుంది. దీవి పేరేమిటి, దీవి అడవి ఎవరిది, దీవిలో ఎందరు నివసించాలి అన్న నిర్ణయాలు హస్తినలోనే జరుగుతాయి. 2018లో మూడు ద్వీపాల పేర్లు మారాయి. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురమయింది. పేర్ల మార్పు మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి నేను పోవడం లేదు. ద్వీపవాసులకు మాత్రం అది ఢిల్లీ నుంచి అందిన వార్త.

పేరు మారితే మనిషి కదలనక్కరలేదు. నేల చేతులు మారితే కదలక తప్పదు. శ్రీ విజయపురానికి దక్షిణంగా 500 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న గ్రేట్ నికోబార్ ద్వీపపు సమస్య అదే.

నికోబారీల సమాజంలో ఆస్తి ఉమ్మడిది. 'తుహెత్' అనే పెద్ద కుటుంబమే కొబ్బరితోటకు, పందుల మందకు యజమాని. కార్ నికోబార్‌లో ప్రతి గ్రామానికీ సముద్రపుటొడ్డున 'ఎల్పనం' అనే ఉమ్మడి తావు ఉండేది. మన రచ్చబండ వంటిదనుకోవచ్చు. పండుగలు, పడవ పందేలు, పంచాయతీలు అక్కడే జరిగేవి. ఊరి పెద్దను 'కెప్టెన్' అంటారు. పూర్వం ఓడలలో వచ్చినవారితో బేరసారాలు నడిపినందువల్ల వచ్చిన పేరది. పదిమంది కూర్చుని, మాట్లాడుకుని, ఏకాభిప్రాయం కుదిరేవరకు ఓపిక పట్టడం వారి పద్ధతి. మన శాసనసభల పద్ధతితో దానిని పోల్చి వారిని అవమానించదలచుకోలేదు.

2004 డిసెంబరు 26 నాటి సునామీ ఆ తీరాలను తుడిచిపెట్టింది. వేలాది మంది గల్లంతయ్యారు. దేశపు దక్షిణాగ్రమైన ఇందిరా పాయింట్ వద్ద నేల కుంగి, అక్కడి దీపస్తంభం నీటిలో నిలబడింది. గ్రేట్ నికోబార్ తీరగ్రామాలలో ప్రాణాలతో మిగిలిన నికోబారీలను అధికారులు క్యాంబెల్ బే సమీపంలోని రాజీవ్ నగర్, న్యూ చింగెన్ శిబిరాలకు తరలించారు. అది తాత్కాలికమేనని వారు భావించారు. తమ పూర్వ గ్రామాలకు తిరిగి వెళ్లనివ్వమని ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకున్నారు. రాస్తారోకో చేయలేదు, కార్యాలయాలకు తాళాలు వేయలేదు. ఊరిపెద్దలు కూర్చుని, కాగితం రాసి, సంతకాలు పెట్టి పంపారు. తిరిగి వెళ్లే రోజు కోసం కనిపెట్టుకుని కూర్చున్నారు.

రోజు రాలేదు గాని, పథకం వచ్చింది. గలాథియా బే వద్ద భారీ ఓడరేవు, దానికి తోడుగా విమానాశ్రయం, విద్యుత్కేంద్రం, కొత్త పట్టణం. 2022లో చెప్పిన వ్యయం 72 వేల కోట్ల రూపాయలు. 130 చదరపు కిలోమీటర్ల అడవిని ఇందుకు మళ్లించాలి. 84 చదరపు కిలోమీటర్ల ఆదిమజాతి రక్షిత ప్రాంతానికి ఆ హోదా తొలగించాలి. సుమారు ఎనిమిది వేల జనాభా గల ద్వీపంలో కాలక్రమాన మూడున్నర లక్షల మంది స్థిరపడతారని అంచనా. అంటే దీవులన్నింటి జనాభాకు దాదాపు సమానం. ఆ అడవిలో షోంపెన్‌లనే ఆదిమజాతి సంచరిస్తున్నది. 2011 లెక్కల ప్రకారం వారి సంఖ్య 229.

అనుమతుల ప్రక్రియ వేగంగానే నడిచింది. 2022 ఆగస్టులో లిటిల్, గ్రేట్ నికోబార్ గిరిజన మండలి నుంచి నిరభ్యంతర పత్రం తీసుకున్నారు. అక్టోబరులో అటవీ అనుమతి తొలిదశ, నవంబరులో పర్యావరణ అనుమతి వచ్చాయి. ఆ నవంబరులోనే గిరిజన మండలి తన పత్రాన్ని ఉపసంహరించుకుంటూ ఉత్తరం రాసింది. తాము తిరిగి వెళ్లదలచిన పూర్వ గ్రామాల నేల కూడా పథకంలో చేరి ఉన్నదని సంతకం చేసేనాటికి తమకు తెలియజెప్పలేదన్నది దాని సారాంశం. ఆ ఉత్తరంలో బెదిరింపు లేదు, శాపనార్థాలు లేవు. ఒక సమాజం తన మాటను తాను సరిదిద్దుకుంటున్నానని ప్రభుత్వానికి మర్యాదగా విన్నవించింది.

ఢిల్లీ పక్షం కూడా చెప్పుకోవాలి. గ్రేట్ నికోబార్ మలక్కా జలసంధి ముఖద్వారాన ఉన్నది. సుమత్రా అక్కడికి 200 కిలోమీటర్ల లోపే. మన సరుకులు కొలంబోలో, సింగపూరులో ఓడలు మారి వస్తున్నాయి. ఆ ఆదాయం మనకు రావాలన్న కోరిక తప్పు కాదు. హిందూ మహాసముద్రంలో పరాయి నౌకలు సంచరిస్తున్న కాలంలో దేశరక్షణ దృష్టి అవసరమే. ఆదిమ జాతులను కదిలించబోమని, రక్షిత ప్రాంతానికి బదులుగా వేరే నేలను చేరుస్తామని, అడవికి బదులు అడవి పెంచుతామని అధికారులు చెబుతున్నారు. బదులు అడవిని పెంచే చోటు హర్యానా! జోర్‌బాగ్‌లోని ఇందిరా పర్యావరణ భవన్‌కు అది చేరువే గాని, ఇందిరా పాయింట్‌కు ఎంత దూరమో పటం చూసుకోవచ్చు. 2023 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అనుమతులను రద్దుచేయక, పునఃపరిశీలనకు ఒక ఉన్నతస్థాయి సంఘాన్ని వేసింది. వ్యాజ్యాలు ఆ తరువాత కూడా నడిచాయి.

ఓడరేవు కావాలా వద్దా అన్న దానిపై విజ్ఞులు భిన్నాభిప్రాయాలు కలిగి ఉండవచ్చు. నా పేచీ మరొకచోట. ఇచ్చిన అంగీకారాన్ని దస్త్రంలో భద్రంగా దాచి, వెనక్కు తీసుకున్న అంగీకారాన్ని పక్కన పెట్టే హక్కు ఎవరిచ్చారు? మౌనం అర్ధాంగీకారమని మన పెద్దలన్నారు. ఇక్కడ మౌనం కూడా లేదే! నోరు విప్పి కాదన్నారు. గట్టిగా అరవలేదు గనుక వినిపించలేదని అనుకోవాలా?

తెలుగు పాఠకులకు ఈ వాదం కొత్తది కాదు. ఆదివాసి భూములను ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వరాదని సుప్రీంకోర్టు 1997లో చెప్పిన సమత తీర్పు మన విశాఖ మన్యం నుంచి పుట్టిందే. మన పొరుగున ఒడిశాలో నియమగిరి కొండల బాక్సైటు విషయమై గ్రామసభల అభిప్రాయం అడగాలని సుప్రీంకోర్టు 2013లో ఆదేశించింది. 12 గ్రామసభలూ వద్దన్నాయి. గని ఆగింది. ఆ సభలలో రాయి లేవలేదు, కర్ర లేవలేదు. చెట్టు కింద కూర్చుని చెప్పిన మాటకు దేశం విలువ ఇచ్చింది. అండమాన్ నికోబార్ దీవులు రాజ్యాంగపు అయిదవ షెడ్యూలులో లేవు. అక్కడి ఆదిమ జాతులకు 1956 నాటి రక్షణ నిబంధనావళి ఉన్నది. ఆ కారణంగానే అటవీ హక్కుల చట్టం కింద ప్రత్యేక ప్రక్రియ అవసరపడలేదని దీవుల పాలనా యంత్రాంగం చెబుతూ వచ్చింది. చట్టం వేరు కావచ్చు. అడిగి తెలుసుకోవడమన్న మర్యాద ఏ షెడ్యూలులోనిది?

మరొక సంగతి. గ్రేట్ నికోబార్ తూర్పు తీరాన 1969 నుంచి ప్రభుత్వమే తీసుకువెళ్లి స్థిరపరచిన మాజీ సైనికుల కుటుంబాలున్నాయి. పంజాబు, మహారాష్ట్రలతోపాటు మన ప్రాంతం వారు కూడా వారిలో ఉన్నారు. సరిహద్దును కాపాడటానికి ఢిల్లీయే పంపినవారు వారు. అడవి నరికి సాగులోకి తెచ్చిన పొలాలలో కొన్ని ఇప్పుడు విమానాశ్రయం కింద పోనున్నాయి. ఆదిమవాసికి, వలసవచ్చినవానికి మధ్య తగవు పెట్టడం పాలకులకు ఎక్కడైనా సులభమే. ఈ ద్వీపంలో మాత్రం ఇద్దరి ప్రశ్నా ఒకటే కావడం విశేషం: మమ్మల్ని అడిగారా?

అహింసామార్గాన్ని అనుసరించమని ఈ దేశం తన పౌరులకు నిత్యం బోధిస్తుంది. మంచి బోధే. కాని బోధించినవారికి కూడా ఒక బాధ్యత ఉంటుంది. నెమ్మదిగా చెప్పిన మాట నెమ్మదిగానైనా వినాలి. మర్యాదగా రాసిన ఉత్తరానికి జవాబు రాకపోయి, దారులు దిగ్బంధం చేసిన చోటికి మాత్రం మంత్రులు పరుగెత్తుకు వచ్చే అలవాటు మన ప్రజాస్వామ్యానికి ఉన్నది. అది శాంతిపరులకు నేర్పుతున్న పాఠమేమిటో ఢిల్లీ పెద్దలు ఒక్కసారి ఆలోచించుకోవాలి. 1937లో పరాయి ప్రభుత్వం సైతం ఆ దీవుల నుంచి వచ్చిన ఆకలి కేక విన్నది. స్వపరిపాలనలో ఒక ఉత్తరం చాలకపోతే ఎలా?

హంఫ్రీగంజ్ నుంచి తిరిగి వస్తూ నేను చేతి గడియారం చూసుకున్నాను. అక్కడ పాటించిన మౌనం రెండు నిమిషాలకంటె ఎక్కువసేపే సాగింది. ముగిసిన తరువాత కూడా జనం వెంటనే కదలలేదు. ఒకరి యోగక్షేమాలు ఒకరు అడుగుతూ చెట్ల నీడలలో చాలాసేపు నిలబడ్డారు. వచ్చే జనవరి 30న రాజధానిలో గుమాస్తాలు లేచి నిలబడతారు. రెండు నిమిషాలు గడిచి కుర్చీలలో కూర్చున్న తరువాత, 2022 నవంబరు నాటి ఆ ఉత్తరం ఏ బల్ల మీద ఉన్నదో ఒకరైనా వెదికి చదివితే, ఆ మౌనానికి కొంత అర్థం చేకూరుతుంది.